జగిత్యాల ఓపీలో నేను నేర్చుకున్న తెలుగు

నేను పుట్టింది, చదివింది తెనాలిలో. నర్సింగ్ పూర్తయ్యాక కొన్నాళ్ళు గుంటూరులో పనిచేశాను. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వల్ల జగిత్యాల వచ్చి, ఇక్కడే ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. అక్కడా ఇక్కడా తెలుగే కాబట్టి భాష గురించి నాకు ఏ బెంగా లేదు.

మా ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. డాక్టరుగారి గదిలోకి పంపే ముందు నర్సు పేషెంటును కూర్చోబెట్టి, బాధేమిటో అడిగి, జ్వరం, బీపీ, బరువు చూసి ఓపీ చీటీ మీద రాయాలి. లోపల డాక్టరుగారు మొదట చూసేది ఆ చీటీనే. జనం ఎక్కువున్న రోజు ఆయన దగ్గర ఒక్కొక్కరికీ దొరికేది కొద్ది నిమిషాలే. చీటీ మీద మాట తేడా పడితే ఆ కొద్ది నిమిషాలూ తప్పు దారిలో పోతాయి.

చేరిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చి బెంచీ మీద కూర్చుని, "పానం మంచిగ లేదమ్మా" అన్నాడు. ప్రాణం బాగోలేదంటే మా వైపు అది చివరి ఘడియ మాట. వెంటనే బీపీ మిషను తెచ్చి చూశాను, నాడి చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయనకు రెండు రోజులుగా సర్ది, ఒళ్ళు నొప్పులు, అంతే. తెనాలిలో "ఒంట్లో బాగోలేదు" అన్నట్టే ఇక్కడ "పానం బాగలేదు" అంటారు. ఆ తరువాత వరుసగా వచ్చాయి. "పెయ్యంత నొస్తాంది" అంది ఒకామె. పెయ్య అంటే నాకు తెలిసింది ఆవుదూడ. ఇక్కడ పెయ్యి అంటే ఒళ్ళు. ఒక కుర్రాణ్ణి మోసుకొచ్చి "బండి మీదికెళ్లి పడ్డడు, బొక్క ఇరిగింది" అన్నారు. మా ఊళ్ళో బొక్క అంటే కన్నం, ఇక్కడ ఎముక. నెత్తి నొస్తాంది అంటే తలనొప్పి, పండ్లు నొస్తున్నయ్ అంటే పంటినొప్పి, కడుపు బిర్రుగున్నది అంటే ఉబ్బరం. మాత్రలు అని నేనంటే వాళ్ళు "గోలీలా?" అని అడిగేవాళ్ళు.

ఇలాంటివి రెండు మూడు వారాల్లో అలవాటవుతాయి. చెయ్యి ఎక్కడ పెడుతున్నారో చూస్తే సగం అర్థమైపోతుంది. కష్టమంతా మనకూ తెలుసు అనిపించే మాటల దగ్గరే. తెలియని మాటైతే అడుగుతాం. తెలిసిన మాట అనిపిస్తే అడగాలన్న ఆలోచనే రాదు.

బీడీలు చేసే ఒక పెద్దమ్మ వచ్చిన రోజు నాకు ఇది బాగా తెలిసింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, జర్ద నింపుతూ గంటల తరబడి కూర్చుంటారు. మెడనొప్పి, నడుంనొప్పి, దగ్గు వాళ్ళతో పాటే ఉంటాయి. ఈమె మాత్రం వేరే చెప్పింది. "దూప ఆగుతలేదు బిడ్డా. రాత్రిపూట ఊకె ఒంటికి లేస్తున్న. ఒంటికి పోతె మంట" అంది. దూప అనే మాట నేనెప్పుడూ వినలేదు. ఒంటికి మంట అంటే ఒళ్ళు మంటలనే నాకు వినపడింది. ఒళ్ళంతా మంటా, అరికాళ్ళలోనా అని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసింది. వెనక వరుసలో మగవాళ్ళున్నారు. మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదు, తల దించుకుంది. మా ఆయమ్మ దగ్గరకు వచ్చి నా చెవిలో చెప్పింది, "దూప అంటె దాహం సిస్టరమ్మా. ఒంటికి అంటె మూత్రానికి" అని.

ఆ రెండు మాటలూ తెలిశాక ఇక చెప్పేదేముంది! వేలికొన పొడిచి చూస్తే షుగర్ 300 దాటింది. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే మూత్రపిండాలు దాన్ని ఆపలేక మూత్రంలోకి వదిలేస్తాయి. అది తనతో పాటు నీళ్ళనూ లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, అందుకే తీరని దాహం. మూత్రంలో మంట ఉంటే ఇన్‌ఫెక్షన్ కూడా ఉందేమో చూడాలి. నర్సింగ్ మొదటి సంవత్సరంలో చదివిన లక్షణాలన్నీ ఆమె ఒక్క గుక్కలో, చక్కటి తెలుగులో చెప్పేసింది. వినేవాళ్ళకు ఆ తెలుగు రావాలి, అంతే. సిగ్గుపడే మాటను పది మందిలో రెండోసారి చెప్పించడం ఎంత నరకమో ఆమె ముఖంలో చూశాను. ఆ రోజు సాయంత్రమే ఒక రూళ్ళ నోటుపుస్తకం కొన్నాను.

అందులో నాలుగు గడులు గీశాను. పేషెంటు అన్న మాట, చెయ్యి పెట్టిన చోటు, ఆయమ్మ చెప్పిన అర్థం, డాక్టరుగారు చివరికి తేల్చిన జబ్బు. నాలుగో గడి చాలా ముఖ్యం. అర్థం విన్నంత మాత్రాన చాలదు, ఆ మాట ఏ జబ్బుల్లో వస్తోందో చూడాలి. "దమ్ము వస్తాంది" అన్నవాళ్ళ పక్కన ఎక్కువగా ఆస్తమా వచ్చేది, కొందరి పక్కన గుండె జబ్బు కూడా పడింది. మా వైపు దమ్ము అంటే ధైర్యం. ఇక్కడ ఆయాసం. ఒక తాత "మబ్బుల దమ్ము ఎక్కువైతది" అన్నాడు. మబ్బు పట్టిన రోజుల్లో అని రాయబోతుంటే ఆయమ్మ ఆపింది. మబ్బుల అంటే తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగా. మేఘానికి ఇక్కడ మొగులు అంటారు. తెల్లవారుజామున ఆయాసం పెరగడం ఆస్తమాలో ముఖ్యమైన గుర్తు, కాబట్టి ఆ ఒక్క మాట సరిగా పడాలి. "రెండు గంటలకే తెలివైతాంది" అని కూడా అన్నాడు ఆ తాతే, మెలకువ వచ్చేస్తోందని.

గర్భిణుల దగ్గర ఇంకోటి. ఎంతమంది పిల్లలమ్మా అంటే, "ఇద్దరు బిడ్డలు" అని ఆగేవాళ్ళు. చీటీ మీద రెండు కాన్పులు అని రాయాలనిపిస్తుంది. కానీ ఇక్కడ బిడ్డ అంటే కూతురు. కొడుకుల సంగతి వేరే అడగాలి. అడిగితే, "ఒక కొడుకు" అని తేలికగా చెబుతారు. అంటే ఇది నాలుగో కాన్పు! కాన్పుల లెక్క మీద రక్తస్రావం ప్రమాదం దగ్గర్నుంచి చాలా జాగ్రత్తలు ఆధారపడి ఉంటాయి. నేనిప్పుడు ఎన్ని కాన్పులు, ఎంతమంది కొడుకులు, ఎంతమంది బిడ్డలు అని మూడూ విడివిడిగా అడుగుతాను. అలాగే "మా అవ్వను తీసుకొచ్చిన" అని ఎవరైనా అంటే ముసలావిడ కోసం చూడను. ఇక్కడ చాలామందికి అవ్వ అంటే అమ్మ. నలభై ఏళ్ళావిడ కూడా కావచ్చు.

నా పుస్తకంలో ఒక మాటకు మాత్రం చాలా రోజులు నాలుగో గడి ఖాళీగానే ఉంది. అది రంది. ఒక కోడలిని అత్తగారే తీసుకొచ్చింది. పిల్ల చిక్కి సగమైంది, తిండి లేదు, నిద్ర లేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. రక్త పరీక్షలన్నీ బాగున్నాయి. అత్త అంది, "ఏం లేదమ్మా, రంది పెట్టుకున్నది. పెనిమిటి దుబాయి పోయిండు." ఈ జిల్లా నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు లేని ఊరు దొరకడం కష్టం. అప్పు తీరాలని, ఇల్లు కట్టాలని, బిడ్డ పెళ్ళి చెయ్యాలని పోతారు. ఏళ్ళకేళ్ళు ఫోనులోనే కాపురం. రంది అంటే దిగులు అని ఆయమ్మ చెప్పింది, కానీ దిగులు అని రాస్తే నాకు తృప్తిగా లేదు. దిగులు ఇవాళ వచ్చి రేపు పోవచ్చు. రంది అలా కాదు, లోపల పెట్టుకుని తినేసే బాధ. మనిషిని ఆరబెట్టేస్తుంది. అత్త నోట ఆ మాట రావడంలో కోడలి మీద కోపం లేదు, జాలి ఉంది. అది కూడా నేను గమనించాను.

చీటీ మీద 'బలహీనత' అని రాయకుండా, "రంది పెట్టుకున్నది అంటున్నారు" అని ఉన్నది ఉన్నట్టు రాశాను. డాక్టరుగారు ఇక్కడివారే. ఆ మాట చూడగానే అత్తను బయట కూర్చోమని, ఆ అమ్మాయితో నెమ్మదిగా మాట్లాడారు. యాష్టకొస్తోందా, అంటే విసుగొస్తోందా, ఏ పనీ చెయ్యబుద్ధి కావడం లేదా, బతుకు మీద విరక్తి వస్తోందా అని అడిగారు. ఆమె చాలాసేపు ఏడ్చింది. కరీంనగర్‌లో మానసిక వైద్యుల దగ్గరకు పంపారు. టానిక్ రాసి ఇంటికి పంపేస్తే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. అప్పటి నుంచి చీటీ మీద పై వరుసలో పేషెంటు మాట, కింద వరుసలో మా మాట రాయడం మా ఆసుపత్రిలో పద్ధతి చేసుకున్నాం. డాక్టరుగారే అలా రాయమన్నారు.

ఇదంతా వాళ్ళ మాట నాకు అర్థం కావడం గురించి. నా మాట వాళ్ళకు అర్థం కావడం మరో పని. షుగర్ ఉన్నవాళ్ళకు ఇచ్చే ఆహారం కాగితం మా వైపు తెలుగులో అచ్చయి ఉంది. చిలగడదుంప తగ్గించమని అందులో ఉంటే ఎవరికీ తెలియలేదు. ఇక్కడ అది కందగడ్డ. మా వైపు కంద అంటే పులుసు పెట్టుకునే దుంప, అది వేరే. రాగులకు తైదలు, మొక్కజొన్నకు మక్కలు, వేరుశనగకు పల్లీలు, గోంగూరకు పుంటికూర, మజ్జిగకు సల్ల. నలతగా ఉందా అని అడిగితే తెల్లబోయి చూసేవాళ్ళు, ఆ మాట ఇక్కడ వాడుకలో లేదు. కాగితం మీద పెన్నుతో మార్పులు చేస్తూ పోయి, చివరికి కొత్తది అచ్చు వేయించాం.

మందులు మానేసేవాళ్ళకు నచ్చజెప్పడం ఆయమ్మ దగ్గరే నేర్చుకున్నాను. ఒకాయన బీపీ తగ్గిందని గోలీలు ఆపేసి, తల తిరిగి పడిపోయి వచ్చాడు. నేను వివరంగా చెప్పబోయాను. ఆయమ్మ నడుమ వచ్చి, "ఓడ దాటేదాక ఓడమల్లయ్య, దాటినంక బోడమల్లయ్య అన్నట్టు చేస్తివి గద కాకా" అంది. ఆయన నవ్వి, తల ఊపి, గోలీలు తీసుకుపోయాడు. తరువాత మానలేదు కూడా. అదే సామెత కొంచెం మార్పుతో మా అమ్మమ్మ నోటా విన్నాను తెనాలిలో. జ్వరం ఒక రోజు తగ్గగానే ఇంటికి పోతామనేవాళ్ళకు "ఇల్లు అలకంగనె పండుగైతదా" అని నేనే అంటున్నాను ఇప్పుడు. సామెతతో చెబితే మందలించినట్టుండదు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పినట్టుంటుంది.

ఇక్కడి మాటలన్నీ ఉర్దూ కలిసినవని మా బంధువుల్లో కొందరు తేలిగ్గా అనేస్తుంటారు. నా పుస్తకం తిరగేస్తే అది నిజం కాదని తెలుస్తుంది. దవాఖాన, సర్ది, దమ్ము, గోలీ, బీమారి ఉర్దూ దారిన వచ్చినవే. 1948 వరకు నిజాం పాలనలో కచేరీ భాష ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం కూడా ఉర్దూలోనే చెప్పేవాళ్ళు. వైద్యం ఏ భాషలో వస్తే వైద్యం మాటలు ఆ భాషలో నిలుస్తాయి. మనం సిజేరియన్, స్కానింగ్ అనడం లేదా, ఇదీ అంతే. కానీ దూప, పెయ్యి, బొక్క, మొగులు, బిర్రు ఇంటి మాటలే. తెలుగును నాలుగు మండలాలుగా విడదీసి చూపిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలంగాణను ఒక మండలంగా లెక్కపెట్టారు. ఒకటి అసలు, మిగతావి నకలు అనే లెక్క అందులో లేదు. కాళోజీ నారాయణరావు గారు పుట్టిన సెప్టెంబరు 9ని ఇక్కడ తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతారు. వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. పలుకుబడుల భాష కోసం నిలబడ్డ కవి పేరు డాక్టర్ల, నర్సుల పట్టాల మీద ఉండటం నాకు చాలా సంతోషం. 2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు వచ్చాక, జనం నోట్లో మాట బోర్డు మీదికీ ఎక్కింది.

ఈమధ్య పార్వతీపురం నుంచి ఒక అమ్మాయి మా దగ్గర కొత్తగా చేరింది. మొదటి రోజే "ఈ గుంటడికి జొరం ఎక్కువుంది మేడం" అంటే ఆయమ్మ నా వైపు చూసింది. వాళ్ళ వైపు గుంటడు అంటే పిల్లవాడు. ఇక్కడ గుంట అంటే భూమి కొలత, నలభై గుంటలు ఒక ఎకరం. ఆమెకు నా పుస్తకం ఇచ్చి, వెనక నుంచి తెల్లకాగితాలు వాడుకోమన్నాను. రాగులను వాళ్ళు చోళ్ళు అంటారట. ఆహారం కాగితంలో తైదల పక్కన ఆ మాట రాసి పెట్టింది. ఉత్తరాంధ్ర నుంచి ఇటు పనికి వచ్చినవాళ్ళు ఓపీకి వస్తే ఆ కాగితమే ఇస్తున్నాం.