గ్యార్పర్

ఆదివారం. బట్టలు, పప్పుచారు, మధ్యాహ్నం కాస్త కునుకు. వీటి మధ్య రోజంతా నన్ను పట్టుకుని వదలనిది అల్బేనియన్ భాషలోని ఒక్క మాట: గ్యార్పర్. పాము అని అర్థం.

వినగానే మనకేం సంబంధం అనిపిస్తుంది. కానీ అల్బేనియన్ కూడా సంస్కృతం పుట్టిన ఇండో-యూరోపియన్ కుటుంబపు భాషే అని 1854లోనే జర్మన్ భాషావేత్త ఫ్రాంజ్ బాప్ వాదించాడు. ఆ భాషలో మాట మొదట ఉన్న పాత ‘స’ చాలాచోట్ల ‘గ్య’ అయిపోయింది. ఆరుని వాళ్లు గ్యాష్ట అంటారు, మన షష్ఠికి చుట్టం. నిద్ర గ్యుమ, స్వప్నానికి చుట్టం. అదే లెక్కన గ్యార్పర్‌లో ‘గ్య’ బదులు ‘స’ పెడితే సర్పం! సుబ్రహ్మణ్య షష్ఠికి పుట్టలో పాలు పోసే ఇంట్లో పుట్టినదాన్ని, సర్పమూ షష్ఠీ రెండూ అంత దూరాన ఒకే మార్పుకు లోనయ్యాయని తెలిస్తే ఎంత సంబరమో!

ఉత్తరాది గెగ్ మాండలికంలో దాన్ని గ్యార్పన్ అంటారు. అదే పాత రూపం. దక్షిణాది టోస్క్‌లో ఆ ‘న’ ‘ర’ అయింది.

మనకి సర్పం అంటే గుడి మాట, జాతకాల మాట. ఇంట్లో అనేది పామే. అక్కడ మాత్రం గొర్రెల కాపరి కేక పెట్టినా గ్యార్పరే. మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నది వాళ్లకి తాతల ఆస్తి.

అసలు అర్థం ‘పాకేది’. సరీసృపంలో ఉన్నదీ ఆ ధాతువే. పాముకి ‘అహి’ లాంటి పాత పేరు ఇంకొకటి ఉండేది. దాన్ని పలకడానికి భయపడి ‘పాకేది’ అన్నారని చాలామంది పండితుల ఊహ. నాకది నిజమే అనిపిస్తుంది. మన పల్లెల్లో పాము కరిచిందని అనరు కదా, ‘పురుగు ముట్టింది’ అంటారు.

అల్బేనియా జానపదుల్లో వితోరె అని ఇంటిపాము ఉంది. గోడలో ఉండి ఇంటిని కాస్తుంది, చంపకూడదు. అది చదివి మా అమ్మమ్మని తలుచుకున్నాను. పెరట్లో పాము కనబడితే కర్ర తీసిన మామయ్యని ఆపి, ‘నాగన్నా, వెళ్లిపో తండ్రీ’ అని దండం పెట్టేది. అల్బేనియా కొండల్లో పుట్టినా ఆవిడ అంతే చేసేది.