జేబులో పట్టే కెమెరా ఎంచుకున్న తీరు

నాకు కావాల్సింది ప్యాంటు జేబులో పట్టే కెమెరా. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు, హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కేటప్పుడు, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేసేటప్పుడు అది నాతో ఉండాలి. ఈరోజు తీసుకెళ్ళాలా వద్దా అన్న ఆలోచనే రాకూడదు. ఇంట్లో నికాన్ డీఎస్ఎల్ఆర్, దానితోపాటు వచ్చిన 18-55 జూమ్ లెన్స్ ఉన్నాయి. మంచి కెమెరానే, కానీ దాన్ని బయటికి తీస్తే వీధి మారిపోతుంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో బంతిపూల కుప్ప పక్కన కూర్చున్న పెద్దమ్మ ఒకావిడ నన్ను చూసి, "ఏం బిడ్డా, టీవోళ్ళా? ఏమన్న గొడవైందా?" అని అడిగింది. అంత పెద్ద కెమెరా కనిపిస్తే ఎవరైనా చేతిలో పని ఆపేస్తారు, కొంగు సర్దుకుంటారు. నాకేమో వాళ్ళు పనిలో మునిగి ఉన్నప్పటి ముఖం కావాలి.

ఫోన్ ఉంది కదా అని చాలామంది అడిగారు. నిజమే, ఇప్పటి ఫోన్లు బాగా తీస్తాయి. కానీ వీధిలో ఫోన్ ఎత్తితే రీల్ తీస్తున్నారని అనుకుంటారు, కొందరు ముఖం తిప్పుకుంటారు, కొందరు పోజు పెడతారు. పైగా ఫోన్ తనకు తోచినట్టు నీడలన్నీ వెలిగించేస్తుంది. చార్మినార్ దగ్గర సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు సగం గల్లీ చీకట్లో ఉండటమే అందం. ఆ చీకటి నాకు చీకటిగానే కావాలి.

వెతకడం మొదలుపెట్టగానే మూడు దారులు కనిపించాయి. సోనీ ఆర్ఎక్స్100, కానన్ జీ7ఎక్స్ లాంటివి ఒకటి: చిన్న ఒళ్ళు, జూమ్ లెన్స్, ఒక అంగుళం సెన్సర్ (వెలుతురును పట్టే చిప్). రెండోది ఫుజీఫిల్మ్ ఎక్స్100 వరస. మూడోది రికో జీఆర్. ఈ చివరి రెండింటికీ జూమ్ లేదు. మా పిన్ని కొడుకు పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తాడు. వాడి ఓటు మొదటి రకానికే. "జూమ్ లేకుండా ఏం చేస్తవన్నా, ఊకే ముందుకు వెనక్కు నడుస్తవా?" అన్నాడు. పెళ్ళి మండపంలో వాడి మాటే కరెక్ట్. అక్కడ వేదిక దగ్గరికి వెళ్ళే వీలు ప్రతిసారీ ఉండదు.

కొలతలు కాగితం మీద చదివితే ఏమీ తెలియదు. అందుకే థర్మోకోల్‌ని బ్లేడుతో ఆ సైజులకు కోశాను. ఎక్స్100వీ వెడల్పు 128 మిల్లీమీటర్లు, మందం 53. జీఆర్ 3 వెడల్పు 109, మందం 33. ఆర్ఎక్స్100 మార్క్ 3 వెడల్పు 102, మందం 41. ఈ ముక్కలు జేబులో పెట్టుకుని ఇంట్లో తిరిగాను, కుర్చీలో కూర్చున్నాను, మెట్లు దిగాను. ఎక్స్100 ముక్క జేబులోకి దూరనే లేదు. వెడల్పు కంటే మందమే అడ్డమని అప్పుడు అర్థమైంది. ఆర్ఎక్స్100 పట్టింది, కానీ ఉబ్బెత్తుగా కనిపించింది. జీఆర్ ముక్క ఒక్కటే బల్లపరుపుగా కూర్చుంది. కెమెరా నిజం బరువు కూడా బ్యాటరీ, కార్డుతో కలిపి 257 గ్రాములే. 2024లో వచ్చిన ఎక్స్100 సిక్స్ 521 గ్రాములు, అంటే దాదాపు రెట్టింపు.

ఎక్స్100ని వదులుకోవడం నాకు కష్టంగానే అనిపించింది. కన్ను ఆనించి చూసే దాని వ్యూఫైండర్‌లో ఫ్రేమ్ బయట ఏం జరుగుతుందో కూడా కనిపిస్తుంది, ఎవరు లోపలికి రాబోతున్నారో ముందే తెలుస్తుంది. మధ్యాహ్నం ఎండలో వెనక స్క్రీన్ మీద ఏమీ కనపడదు కాబట్టి అది చాలా పెద్ద సౌకర్యం. మెడలో వేసుకుని తిరగడానికి ఇబ్బంది లేనివాళ్ళకు నేను దాన్నే చెబుతాను. నాకు మాత్రం జేబు షరతు ముందు మిగతావన్నీ తర్వాతే.

ఆర్ఎక్స్100 దగ్గర కొన్నాళ్ళు ఆగిపోయాను. మార్క్ 3లో కావాలంటే పైకి లేచే చిన్న వ్యూఫైండర్ ఉంది, లెన్స్ ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది). కానీ ఒక అంగుళం అని పిలిచే సెన్సర్ నిజానికి 13.2 బై 8.8 మిల్లీమీటర్లే. జీఆర్‌లో ఉన్న ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్ సుమారు 23.5 బై 15.6, వైశాల్యంలో మూడు రెట్లు. అంటే మా డీఎస్ఎల్ఆర్‌లో ఉన్నంత సెన్సర్ జేబులోకి వస్తుంది. ఇక జూమ్. వీధిలో నేను జూమ్ వాడతానా లేదా అన్నది ఊహించి చెప్పే విషయం కాదు కాబట్టి పరీక్ష పెట్టాను.

పరీక్ష ఖర్చు ఒక టేపు ముక్క. 18-55 లెన్స్‌ని 18 దగ్గర పెట్టి, తిరగకుండా టేపు చుట్టాను. నికాన్ సెన్సర్ పాత ఫిల్ముకన్నా చిన్నది కాబట్టి దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 27, అంటే జీఆర్ 3 ఇచ్చే 28 చూపుకు దాదాపు సమానం. ఈ అంకె ఎంత చిన్నదైతే చూపు అంత వెడల్పు. అలాగే సుల్తాన్ బజార్, లాడ్ బజార్ తిరిగాను. తర్వాత టేపు 26 దగ్గరికి మార్చాను. అది 39 అవుతుంది, అంటే 2021లో వచ్చిన జీఆర్ 3ఎక్స్ చూపు. ఈ రెండు కెమెరాల మధ్య పెద్ద తేడా ఇదే. అదే గల్లీలు, దాదాపు అదే వేళ.

ట్యాంక్‌బండ్ మీద, మొజంజాహీ మార్కెట్ ముందున్న ఖాళీలో 40 హాయిగా ఉంది. ఒక మనిషిని, అతని వెనక ఒక గోడను తీసుకుంటే చిత్రం సర్దుకుంటుంది. లాడ్ బజార్‌లో మాత్రం వెనక్కి జరగడానికి చోటే లేదు. నా వెనక బండి, ముందు గాజుల దుకాణం, మధ్యలో బేరమాడే ముగ్గురు ఆడవాళ్ళు. 40లో ముగ్గురిలో ఇద్దరే పట్టారు. 28లో ముగ్గురూ, కొలిమి దగ్గర లక్క కరిగిస్తున్న చేతులు, పైన వేలాడే బల్బుల వరసతో సహా వచ్చారు. నేను ఎక్కువ తిరిగేది ఇలాంటి ఇరుకు చోట్లలోనే. కాబట్టి 28. ఎప్పుడైనా బిగించి తీయాలంటే జీఆర్ 3లో 35, 50 అని క్రాప్ (ఫోటో అంచులు కోసేయడం) ఉంది. 35లో 15 మెగాపిక్సెళ్ళు మిగులుతాయి, 50లో ఏడే. ప్రింట్ వేసుకోవడానికి 35 చాలు.

కొనే ముందు వారాంతానికి అద్దెకు తెచ్చుకున్నాను. హైదరాబాద్‌లో కెమెరాలు అద్దెకిచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆధార్ చూపించి, డిపాజిట్ కడితే పని అవుతుంది. ఆ వారాంతంలో నన్ను పూర్తిగా ఒప్పించింది స్నాప్ ఫోకస్. ముందే ఒక దూరం పెట్టుకుంటాం: 1, 1.5, 2, 2.5, 5 మీటర్లు, అలా. బటన్‌ని సగం నొక్కి ఆగితే మామూలుగా ఆటోఫోకస్ వెతుకుతుంది. ఆగకుండా ఒకేసారి పూర్తిగా నొక్కితే వెతకడం మానేసి, మనం పెట్టిన దూరంలోనే వెంటనే ఫోటో తీస్తుంది. సైకిల్ మీద ఐస్ పెట్టె పెట్టుకుని ఒకతను మలుపు తిరిగాడంటే, ఆటోఫోకస్ అతన్ని పట్టుకునేలోపు మలుపు అయిపోతుంది. ఇక్కడ ఆ ఆలస్యం ఉండదు.

దీని వెనక లెక్క తెలిస్తే కెమెరా మీద నమ్మకం వస్తుంది. ఈ లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్, అంటే ఒకటిన్నరతో గుణించకముందు అంకె, 18.3 మిల్లీమీటర్లు. ఎఫ్/8 పెట్టి 2 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే, సుమారు ఒక మీటరు నుంచి నలభై మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అంటే వీధి మొత్తం. 3ఎక్స్ లెన్స్ 26.1 మిల్లీమీటర్లు. అదే ఎఫ్/8లో 2.5 మీటర్లు పెడితే స్పష్టత ఒకటిన్నర మీటర్ల నుంచి ఆరు మీటర్ల వరకే. అక్కడ దూరం అంచనా బాగా కుదరాలి. 28 ఎంచుకోవడానికి నాకు ఇది రెండో కారణం.

రాత్రి సంగతి వేరు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ చుట్టూ ఎంత వెలుతురు ఉన్నా ఎఫ్/8 కుదరదు, ఎఫ్/2.8కి రావాలి. అప్పుడు 2 మీటర్లు పెడితే ఒకటిన్నర నుంచి మూడు మీటర్లే మిగులుతుంది. అందుకే 2 మీటర్లు ఎంతో కళ్ళకు అలవాటు చేశాను. మా ఇంట్లో రెండడుగుల టైల్స్. మూడు టైల్స్, ఇంకో జానెడు కలిపితే 2 మీటర్లు. ఇంట్లో ఎవరు ఎదురొచ్చినా ఆ దూరం చూసుకోవడం అలవాటైంది. ఇంకో విషయం, ఇందులో చెయ్యి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఉంది, కానీ నడిచే మనిషిని అది ఆపలేదు. జనం కదులుతుంటే షటర్ వేగం 1/250 సెకను కంటే తగ్గనివ్వను, అవసరమైతే ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200, 6400 వరకు వెళ్ళనిస్తాను. దానివల్ల ఫోటోలో ఇసుక చల్లినట్టు వచ్చే గ్రెయిన్ నలుపు తెలుపులో నాకు ఇష్టం కూడా.

ఇష్టం లేనివీ ఉన్నాయి. వ్యూఫైండర్ లేదు, ఫ్లాష్ లేదు. 2015 నాటి జీఆర్ 2లో ఫ్లాష్ ఉండేది, 3లో తీసేశారు. బ్యాటరీ కంపెనీ లెక్క ప్రకారమే 200 ఫోటోలు. రెండో బ్యాటరీ ఇంకో జేబులో ఉండాల్సిందే. యూఎస్‌బీ-సీతో పవర్‌బ్యాంక్ నుంచి ఎక్కించుకోవచ్చు, అది కొంత ఊరట. అన్నిటికంటే నేను ఎక్కువ ఆలోచించింది దుమ్ము గురించి. దీనికి దుమ్ము, వాన నుంచి రక్షణ లేదు. లెన్స్ ఊడదీయడానికి రాదు కాబట్టి సెన్సర్ మీద దుమ్ము పడితే ఇంట్లో తుడుచుకునే వీలూ లేదు, కెమెరా విప్పాలి. అందుకే గుడ్డ సంచిలో పెట్టి జేబులో వేసుకుంటాను, ఆ జేబులో రుమాలు, చిల్లర ఏమీ ఉంచను.

2025లో జీఆర్ 4 వచ్చింది. లోపలే 53 జీబీ మెమరీ, ఇంకా మెరుగైన స్టెబిలైజేషన్. అది నా బడ్జెట్ కాదు. సెకండ్ హ్యాండ్‌లో జీఆర్ 3 చూశాను. అమ్మే అతని దగ్గరికి నా మెమరీ కార్డు పట్టుకుని వెళ్ళాను. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను కొంచెం ఫోకస్ తప్పించి తీశాను. సెన్సర్ మీద మచ్చలుంటే అందులో బూడిద రంగు చుక్కల్లా బయటపడతాయి. తర్వాత ఆపడం, వేయడం పదేపదే చేసి లెన్స్ ఎక్కడా చిక్కుకోకుండా వస్తోందో లేదో విన్నాను. బిల్లు మీద, కెమెరా మీద సీరియల్ నంబరు ఒకటేనా అని చూశాను. మొదట చూసిన కెమెరా గోడ ఫోటోలో పై మూల పెద్ద చుక్క ఉంది. "అది ఎఫ్/5.6లో కనపడదు సార్" అన్నాడతను. నిజమే, కనపడదు. కానీ నేను తీసేది ఎఫ్/8లో, ఆకాశం తగిలితే కనపడుతుంది. వద్దని వచ్చేశాను. తర్వాత వేరే చోట దొరికిన దాంట్లో గోడ శుభ్రంగా వచ్చింది. అదే తీసుకున్నాను.

ఇప్పుడు పగటిపూట ఎఫ్/8, స్నాప్ 2 మీటర్లు, షటర్ 1/500, ఐఎస్‌ఓ ఆటో. ఈ సెట్టింగ్‌ని మోడ్ డయల్ మీద యూ1లో దాచుకున్నాను, రాత్రిది యూ2లో. కెమెరా ఒక సెకనులోపే ఆన్ అవుతుంది, జేబులోంచి తీస్తూనే బొటనవేలితో డయల్ తిప్పేస్తాను. ఎవరైనా నన్ను గమనిస్తే దాచను, కెమెరా చూపించి "తీసుకోనా?" అని అడుగుతాను. వద్దంటే జేబులో పెట్టేస్తాను. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసే అతనికి ప్రింట్లు ఇచ్చి వచ్చాను. ఈసారి వాళ్ళ నాన్న కొలిమి దగ్గర కూర్చున్నప్పుడు రమ్మన్నాడు. అక్కడ వెలుతురు తక్కువ, కాబట్టి యూ2.