75 వాట్లలో సర్దుకున్న గేమింగ్

గ్రాఫిక్స్ కార్డు చేతిలో ఉంది. మదర్‌బోర్డు మీద దాని స్లాటు ఖాళీగానే ఉంది. కార్డు అంచున ఉన్న 8 పిన్నుల సాకెట్లో పెట్టాల్సిన కరెంటు వైరు మాత్రం క్యాబినెట్ అంతా వెతికినా కనిపించలేదు. నా అప్‌గ్రేడ్ ఇలా తలకిందులుగా మొదలైంది. ముందు ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌లోని భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా, చూసుకోవాల్సినవాణ్ణి, ఉత్సాహం ఆపుకోలేక కార్డు కొనేశాను.

మెషీన్ సంగతి చెప్పలేదు కదూ. ఏదో ఆఫీసులో వాడి తీసేసిన డెస్క్‌టాప్ అది. ఇంటెల్ కోర్ ఐ5-4570 ప్రాసెసర్, అంటే 2013 నాటి నాలుగో తరం. ఒకే స్టిక్ మీద 8 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. గ్రాఫిక్స్‌కి ప్రాసెసర్‌తో పాటు వచ్చిన హెచ్‌డీ 4600 ఒక్కటే దిక్కు. పాత గేమ్‌లు తక్కువ సెట్టింగుల్లో ఎలాగో నడిచేవి. కాస్త కొత్తది ఏది పెట్టినా బొమ్మల ఆల్బమ్ తిప్పినట్టే ఉండేది. కొత్త సిస్టమ్ కొనే స్తోమత లేదు కాబట్టి దొరికినవన్నీ సెకండ్ హ్యాండ్‌లోనే తీసుకుందామనుకున్నాను.

అలా దొరికిందే ఆర్‌ఎక్స్ 570. మంచి కార్డే, కానీ దానికి 150 వాట్ల దాకా కావాలి. నా ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద 290 వాట్లని ఉంది, గ్రాఫిక్స్ కార్డుకి ప్రత్యేకంగా ఒక్క వైరూ లేదు. "శాటా వైరుకి కన్వర్టర్ తగిలించెయ్‌రా, ఏం కాదు" అన్నాడు ఫ్రెండు. లెక్క వేసి చూశాను. హార్డ్ డిస్క్‌కి కరెంటిచ్చే ఆ శాటా కనెక్టర్ 12 వోల్టుల మీద ఇవ్వగలిగేది 54 వాట్లు. 6 పిన్నుల సాకెట్టే 75 దాకా లాగుతుంది, 8 పిన్నులది 150 దాకా. మధ్యలో ఆ సన్న వైరు వేడెక్కి కరిగితే పోయేది కార్డు ఒక్కటే కాదు. పోనీ ఎస్‌ఎంపీఎస్సే మారుద్దామంటే, మామూలు మదర్‌బోర్డులకుండే 24 పిన్నుల కనెక్టర్ బదులు ఇందులో తయారీదారు సొంత 8 పిన్నుల కనెక్టర్ ఉంది. దానికి ఇంకో కన్వర్టర్ వెతకాలి. కొత్త ఎస్‌ఎంపీఎస్, కన్వర్టర్ కలిపితే నా బడ్జెట్ అక్కడికే అయిపోతుంది. చివరికి కొంత నష్టపోయి కార్డు తిరిగి ఇచ్చేశాను. రెండు రోజులు ఆ క్యాబినెట్ వైపు చూడబుద్ధి కాలేదు.

కోపం తగ్గాక ఈసారి ఎస్‌ఎంపీఎస్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. వేరే వైరు అక్కర్లేకుండా స్లాటు తానే ఇవ్వగలిగేది 75 వాట్లు. ప్రాసెసర్‌కి 84, కార్డుకి 75, మిగతా సామానుకి ఇంకో నలభై అనుకున్నా 200 దగ్గర ఆగుతుంది. 290 వాట్ల డబ్బాకి అది భారం కాదు. అయితే 75 వాట్లలో బతికే కార్డులు ఎన్నో లేవు. 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి జీటీఎక్స్ 1650, 2022 నాటి ఆర్‌ఎక్స్ 6400, ఈ మూడింటి మధ్య తేల్చుకోవాల్సి వచ్చింది. ఆర్‌ఎక్స్ 6400 కొత్తది కదా అని మొదట మనసు అటే లాగింది. కానీ అది స్లాటులోని 16 లేన్లలో, అంటే డేటా నడిచే దారుల్లో, నాలుగే వాడుకుంటుంది. ఆ స్లాటు రకం పేరు పీసీఐఈ. 4.0 తరం బోర్డు మీదైతే పెద్ద తేడా ఉండదు. నాది 3.0, అంటే ఆ నాలుగు లేన్ల వేగం కూడా సగమే. పాత మెషీన్ వాళ్లకోసమే చేసినట్టు కనిపించే కార్డు పాత మెషీన్‌లోనే తడబడడం నాకు ఇప్పటికీ విచిత్రంగానే అనిపిస్తుంది.

కాబట్టి 4 జీబీ జీటీఎక్స్ 1650. అందులోనూ కొన్ని మోడళ్లకి 6 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందుకే అమ్మే అతన్ని కార్డు అంచు ఫోటో పంపమని అడిగి మరీ చూసుకున్నాను. వెళ్లినప్పుడు కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ తెరిచి చిప్ పేరు సరిపోయిందో లేదో చూశాను, ఎందుకంటే పాత కార్డుల బయోస్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చి కొత్త పేరుతో అమ్మేవాళ్లు ఉన్నారు. తర్వాత కార్డు మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్ పావుగంట నడిపించాను. అతను విసుక్కున్నాడు, నేను పట్టించుకోలేదు.

కార్డు వెతుకుతున్న రోజుల్లోనే మిగతా పనులు కానిచ్చాను. ప్రాసెసర్ మీద కూలర్ విప్పితే, వేడిని కూలర్‌కి చేరవేసే థర్మల్ పేస్టు ఎండి సున్నంలా పొడి రాలింది. దుమ్ము దులిపి కొత్త పేస్టు పెట్టేసరికి, గేమ్ ఆడుతుంటే 92 డిగ్రీల దగ్గర ఉడికే ప్రాసెసర్ 71కి దిగింది. మొత్తం అప్‌గ్రేడ్‌లో అన్నిటికంటే చవకైన పని ఇదే. ఇంకో 8 జీబీ స్టిక్ తెచ్చి, మాన్యువల్ చూసి జత స్లాటులో పెట్టాను. దాంతో ర్యామ్ డ్యూయల్ ఛానెల్‌లోకి మారింది, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేస్తాయి. హెచ్‌డీ 4600 వాడుకునేది కూడా ఆ ర్యామ్‌నే కాబట్టి, కార్డు రాకముందే పాత గేమ్‌లలో తేడా కనిపించింది. శాటా ఎస్‌ఎస్‌డీ పెట్టాక విండోస్ తెరుచుకునేలోపు టీ పెట్టుకొచ్చే అలవాటు పోయింది. ఎస్‌ఎస్‌డీ వల్ల ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేముల సంఖ్య) పెరగదు, లోడింగ్ మాత్రం తగ్గుతుంది.

కార్డు బిగించిన రోజు సంగతి చెప్పకపోతే ఎలా. పవర్ నొక్కాను, ఫ్యాన్లు తిరిగాయి, మానిటర్ నల్లగానే ఉంది. మళ్లీ విప్పి మళ్లీ బిగించాను. ర్యామ్ తీసి పెట్టాను. అరగంట టెన్షన్ తర్వాత తమ్ముడు వెనక నుంచి తొంగిచూసి, "అన్నయ్యా, కేబుల్ ఇంకా పాతదానికే పెట్టావేంటి?" అన్నాడు. అలవాటు కొద్దీ మదర్‌బోర్డు వీజీఏ పోర్టులోనే పెట్టాను. కార్డు పెట్టాక ఆ పోర్టు ఆగిపోయింది. సరే, కార్డుకి మారుద్దామంటే దానికి వీజీఏ పోర్టే లేదు, నా మానిటర్‌కేమో అదొక్కటే ఉంది. వట్టి కేబుల్‌తో ఇది కుదరదు. డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ కావాలి. అది వచ్చేదాకా కొత్త కార్డు పెట్టుకుని రెండు రోజులు ఖాళీగా కూర్చున్నాను.

చివరికి గేమ్ నడిచింది, చాలా బాగా నడిచింది. జనం, బళ్లు ఎక్కువున్న ఓపెన్ వరల్డ్ గేమ్‌లో మాత్రం 60 దగ్గర పరిగెత్తే ఎఫ్‌పీఎస్ ఉన్నట్టుండి 38కి పడి కుదుపులొచ్చేవి. రిజల్యూషన్ తగ్గించాను. ఒక్క ఫ్రేమూ పెరగలేదు. అప్పుడు ఏది ఎంత పనిచేస్తోందో చూపించే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ ఆన్ చేసి చూస్తే కార్డు 60 శాతం దగ్గర తీరిగ్గా ఉంది, ప్రాసెసర్ నాలుగు కోర్లూ 100 శాతం మీద ఉన్నాయి. రిజల్యూషన్ తగ్గిస్తే తేలికయ్యేది కార్డుకి, ఇక్కడ అలిసిపోతున్నది ప్రాసెసర్. రిజల్యూషన్ మళ్లీ పెంచేసి, జనసాంద్రత, కనిపించే దూరం తగ్గించాను. అప్పటికి కుదుపులు చాలావరకు పోయాయి. మరీ బరువైన గేమ్‌లలో ఎఫ్‌పీఎస్ 30కి లాక్ చేసి ఆడతాను. పైకీ కిందికీ ఊగే 50 కంటే కదలని 30 నా కళ్లకి హాయి.

కొన్ని తలుపులు మూసుకుపోయే ఉన్నాయి. విండోస్ 11 అధికారికంగా, ఒకటీ అరా మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఈ మెషీన్‌లో బ్యాంకు పనులు చెయ్యను, గేమ్‌లే. ఒక్క అదృష్టం, నాలుగో తరం ప్రాసెసర్‌లో ఏవీఎక్స్2 అనే లెక్కల ఆదేశాల సెట్టు ఉంది. మూడో తరంలో అది లేదు, అది లేకపోతే అసలు తెరుచుకోని కొత్త గేమ్‌లు ఉన్నాయి.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ఐ7-4770 కోసం చూస్తున్నాను. నాలుగు కోర్లే అయినా ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒక్కో కోరు ఒకేసారి రెండు పనులు అందుకోగలదు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ అదే 1150, వాట్లు అవే 84. ఈసారి డబ్బు తియ్యకముందే ఆ రెండూ చూసుకున్నాను.