మా తాళపత్రాల కట్టకు తేదీ వేయించేసరికి...

గద్వాల వైపు ఒక కుటుంబం మా లైబ్రరీకి ఇచ్చిన తాళపత్రాల కట్ట నిన్న ఆన్‌లైన్‌లోకి ఎక్కింది. దాని మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి ఎప్పటి నుంచో ఎదురుచూస్తోంది.

శుభ్రం చేయడం, ఫోటోలు తీయడం సాఫీగానే సాగాయి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనెలో కలిపిన మసి రుద్దితే గంటంతో గీసిన అక్షరాలు నల్లగా తేలాయి. ప్రతి ఆకు పక్కన స్కేలు, రంగుల కార్డు పెట్టి రెండు వైపులా తీశాం.

తంటా అంతా ఆన్‌లైన్‌లో పెట్టడానికి నింపాల్సిన వివరాల ఫారం దగ్గర వచ్చింది. సంవత్సరం గడిలో నాలుగంకెలు పడాల్సిందే. చివరి ఆకు మీద లేఖకుడు రాసిందేమో శ్రీముఖ నామ సంవత్సరం, మాసం, తిథి, వారం. శక సంవత్సరం అంకె లేదు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది కదా, 1753 కావచ్చు, 1813 కావచ్చు, 1873 కావచ్చు. ఆ ఫారాలు తీసుకునే ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడి సారు "ఏదో ఒకటి వేసేయండమ్మా, ఎవరు చూస్తారు?" అన్నాడు. ఖాళీగా పంపితే వాళ్లే 1900 అని నింపేశారు. పైగా మీటింగులో అందరి ముందు "మీ పాలమూరోళ్లకు తేదీ వేయడం కూడా రాదా?" అని నన్ను నిలబెట్టి అడిగాడు. ఒళ్లు మండిపోయింది. తెలంగాణలో కవులే లేరన్నవాళ్లకు 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పిన సురవరం ప్రతాపరెడ్డి గారిది ఈ పాలమూరే. పండితుల గద్వాల అనే అర్థంలో విద్వద్గద్వాల అనిపించుకున్న గడ్డ నుంచి వచ్చిన కట్టకు నేను గాలి తేదీ వేయాలా?

ఆ అమ్మాయి చేసే పనే ప్రతులను పోల్చి ఏది పాతదో తేల్చడం. 1900 అని ఉంటే మా ప్రతిని అన్నిటికన్నా కొత్తదని పక్కకు నెట్టేస్తుంది. "యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా" అని, చూసింది చూసినట్టే రాశానని లేఖకుడు చెప్పుకున్నాడు. ఆ మాట కింద మనం అబద్ధం ఎక్కిస్తే ఎట్లా?

పంచాంగం చూడటం మా తాతయ్య నేర్పిన విద్య. సూర్యోదయానికి ఉన్న తిథిని పట్టుకుని మూడు సంవత్సరాలకూ లెక్క కట్టాను. లేఖకుడు రాసిన వారం 1813కే కుదిరింది. మా ఊరి పంతులుగారితో విడిగా లెక్క వేయిస్తే ఆయనకూ అదే వచ్చింది. లేఖకుడి మాటలు ఉన్నవి ఉన్నట్టు, నా లెక్క వేరుగా, రెండూ రాతపూర్వకంగా పైఅధికారికి పంపాకే సవరించారు. ఇలాంటి ఆఫీసులతో ఫోన్లో మాట్లాడి లాభం లేదు, కాగితం పెట్టండి, నకలు దాచుకోండి.

ఇంట్లో కట్టలున్నవాళ్లు దయచేసి విరిగిన ఆకులకు టేపు అంటించకండి, లామినేషన్ అసలే వద్దు.

ఫారంలో సంవత్సరం పేరుకు వేరే గడి మాత్రం ఇంకా పెట్టలేదు. ఇవాళ మళ్లీ రాశాను.