సవర నిఘంటువు కోడ్‌కి ప్రభుత్వ గ్రాంటు: నా అనుభవం

మాది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష కోసం జీవితం ధారపోసిన ఊరు. సవర పిల్లలు ఫోన్లో మాటలు వెతుక్కునేందుకు ఒక నిఘంటువు, దానికి తగిన కీబోర్డు మేం కొందరం కలిసి చేస్తున్నాం. కోడ్ అంతా జీపీఎల్ లైసెన్సు కింద ఉంది, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ మార్చి పంచితే అదే లైసెన్సుతో పంచాలి. సెలవుల్లో చేసుకుంటే తెమిలే పని కాదని ప్రభుత్వ పరిశోధన గ్రాంటుకు దరఖాస్తు పెట్టాం.

ముందు అడ్డొచ్చింది అర్హత. ఇలాంటి పథకాల్లో చాలావాటికి ప్రధాన పరిశోధకుడు గుర్తింపు ఉన్న సంస్థలో రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. జర్మనీలో ఇలాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) పనులకు ప్రోటోటైప్ ఫండ్ అనే పథకం 2016 నుంచి విడి వ్యక్తులకూ నేరుగా డబ్బిస్తోంది. నాకు మాత్రం సంస్థ కావాల్సొచ్చింది. బరంపురంలో భాషాశాస్త్రం చెప్పే ఒక మేడం ఒప్పుకున్నారు. సంస్థ అధిపతి సంతకంతో ఆమోదపత్రం వచ్చాకే అప్‌లోడ్ చేయగలిగాం.

అసలు కష్టం ప్రతిపాదన రాయడంలో ఉంది. "యాప్ చేస్తాం అంటే వాళ్లకి పరిశోధన కనబడదు బాబూ, ప్రశ్న ఏమిటో చెప్పు" అన్నారు మేడం. ఆ ప్రశ్న మా పనిలోనే ఉంది. సవరను తెలుగు, ఒడియా, రోమన్ లిపుల్లో రాస్తారు. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపీ ఉంది. అది 2012లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణంలో చేరింది గానీ, దాని అక్షరాలకు అందులో ఇచ్చిన సంఖ్యలు 65,535 కన్నా పెద్దవి. అక్షరానికి మూడు బైట్లే ఇచ్చే పాత డేటాబేసుల్లో అవి నిలవవు. ఒకే మాట నాలుగు లిపుల్లో ఉంటే ఏ లిపిలో వెతికినా దొరికేదెలా? ప్రతిపాదన అంతా దీని చుట్టూ అల్లాం.

బడ్జెట్‌లో పరికరాలకు, ప్రయాణాలకు పద్దులున్నాయి. రాసిన కోడ్‌ని కాపాడటానికి లేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. సాఫ్ట్‌వేర్ బతికేది ఆ పనితోనే కదా! అందుకే కంప్యూటర్లు తగ్గించి మనిషిని అడిగాం: నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, ఇంటి అద్దె భత్యం అదనం. తప్పులు సరిదిద్దడం, బయటివాళ్లు పంపిన మార్పులు పరిశీలించడం, వాడుక వివరాలు రాయడం ఆ ఫెలో విధుల్లోనే చేర్చాం.

కమిటీ ముందు పేటెంటు మాట వచ్చింది. ఈ నిఘంటువు ఎవరి చేతిలోనూ బందీ కాకూడదని, ప్రభుత్వమే 2015లో ఓపెన్ సోర్స్ వాడకానికి విధానం ప్రకటించిందని చెప్పాం. తర్వాత గ్రాంటు ఒప్పందంలో మేధోహక్కులన్నీ సంస్థవేనన్న షరతు కనిపించింది. పాత కోడ్‌లో ఎవరు రాసిన భాగంపై హక్కు వాళ్లదే, దాన్ని మేం రాసివ్వలేం. దాని మీద కట్టి పంచేదీ జీపీఎల్‌లోనే రావాలి. ఈ రెండు వాక్యాలూ ఒప్పందంలో చేరేదాకా సంతకం పెట్టొద్దని మేడం పట్టుబట్టారు. ఆవిడ ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

మొదటి విడత వచ్చింది. ఫెలోగా చేరిన సవర అమ్మాయి సెరంగో వైపు ఊళ్లలో మాటలు సేకరిస్తోంది. రెండో విడత రావాలంటే ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని (జీఎఫ్‌ఆర్) 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రం పంపాలి, కాబట్టి బిల్లులు ఏ నెలవి ఆ నెలే అకౌంట్స్ విభాగానికి ఇస్తున్నాం. మా ప్రతిపాదన, బడ్జెట్ పట్టిక, ఆ రెండు వాక్యాలు కోడ్ పక్కనే ఉంచాం. గోండి, కువి, కోయ భాషలకు పనిచేసేవాళ్లు అడగకుండానే తీసుకోవచ్చు.