మిధాని ఉద్యోగానికి, గేట్‌కు కలిపి మెటలర్జీ చదివిన తీరు

మెటలర్జీలో బీటెక్ చేసి, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకు, గేట్ (ఇంజినీరింగ్ పట్టభద్రుల జాతీయ పరీక్ష)కు చదువుతున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిధానిని లక్ష్యంగా పెట్టుకున్నవారికి. విమానాలకు, రాకెట్లకు, క్షిపణులకు కావలసిన ప్రత్యేక లోహాలను దేశంలోనే తయారుచేసుకోవడానికి 1973లో పెట్టిన సంస్థ అది.

నేను పాటించిన పద్ధతి ఒక్కటే. ఒక మిశ్రలోహాన్ని ఎంచుకుని, ముడిసరుకు నుంచి కొనుగోలుదారుకు చేరేదాకా దాని వెంటే వెళ్లాను. ప్రతి దశలోనూ ఈ పని ఎందుకు చేస్తున్నారని అడుగుతూ నోట్సు రాసుకున్నాను.

మొదట మారేజింగ్ స్టీల్ అనే అతి బలమైన ఉక్కును తీసుకోండి. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోటారు కేసింగ్ దీనితోనే చేస్తారు. ఉక్కుకు బలం కార్బన్ వల్ల వస్తుందని చదువుకుంటాం కదా, ఇందులో కార్బన్ మలినం కింద లెక్క. 0.03 శాతం మించకూడదు. 18 శాతం నికెల్‌తో పాటు కోబాల్టు, మాలిబ్డినం, టైటానియం ఉంటాయి. సుమారు 820 డిగ్రీల సెల్సియస్ నుంచి గాలిలో చల్లార్చినా మార్టెన్‌సైటే (ఉక్కును చల్లార్చితే ఏర్పడే ఒక స్ఫటిక నిర్మాణం) వస్తుంది. కార్బన్ లేదు కాబట్టి అది మెత్తగా ఉంటుంది, మెషీనింగ్, వెల్డింగ్ సులభం. తర్వాత 480 డిగ్రీల దగ్గర ఏజింగ్ చేస్తే, అంటే ఆ వేడిలో కొంతసేపు ఉంచితే, నికెల్‌తో మాలిబ్డినం, టైటానియం కలిసిన సూక్ష్మ అవక్షేపాలు ఏర్పడి బలం వస్తుంది. ఎక్కువసేపు ఉంచితే ఆస్టెనైట్ (ఎక్కువ వేడిలో ఉండే మెత్తటి రూపం) తిరిగి పుట్టి బలం తగ్గుతుంది. ఈ ఒక్క లోహంతో ఫేజ్ ట్రాన్స్‌ఫర్మేషన్లు (లోహ నిర్మాణంలో మార్పులు), ప్రెసిపిటేషన్ హార్డెనింగ్ (అవక్షేపాలతో గట్టిపడటం), వెల్డింగ్ మూడూ పట్టుబడతాయి. యురేనియంను సుసంపన్నం చేసే సెంట్రిఫ్యూజులకూ పనికివస్తుంది కనుక దీని ఎగుమతిపై అంతర్జాతీయ నియంత్రణలు ఉన్నాయి. మన దగ్గర ఇది తయారుకావడం ఎంత ముఖ్యమో అది తెలిశాక నాకు చదువు మీద శ్రద్ధ రెట్టింపయింది.

టైటానియంలో అడగవలసిన ప్రశ్న: ఆక్సైడును కార్బన్‌తో ఎందుకు క్షయకరణం చేయరు? కార్బైడు ఏర్పడుతుంది కాబట్టి. అందుకే క్లోరైడుగా మార్చి మెగ్నీషియంతో స్పాంజి (రంధ్రాలున్న లోహపు ముద్ద) తీస్తారు. కేరళలోని చవరలో ఉన్న స్పాంజి ప్లాంటుకు సాంకేతికత ఇచ్చింది కంచన్‌బాగ్‌లోని రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్. కరిగిన టైటానియం మామూలు రిఫ్రాక్టరీతో (కొలిమి లోపలి వేడిని తట్టుకునే పూతతో) చర్య జరుపుతుంది, అందువల్ల నీటితో చల్లబరిచే రాగి మూసలో వాక్యూమ్ ఆర్క్ పద్ధతిలో (శూన్యంలో విద్యుత్ ఆర్క్ వేడితో) కరిగిస్తారు.

వేడిని తట్టుకునే నికెల్ మిశ్రలోహం ఇన్‌కోనెల్ 718కి నియోబియం సెగ్రిగేషన్ (గడ్డకట్టేటప్పుడు అది ఒకచోట పోగుపడటం), దానివల్ల వచ్చే ఫ్రెకిల్స్ (మచ్చల్లాంటి లోపాలు) బాగా చూడండి. ఇంజిను డిస్కుల సరుకును మూడుసార్లు ఎందుకు కరిగిస్తారో కూడా చదవండి.

గేట్ ఎంటీ (మెటలర్జికల్ ఇంజినీరింగ్) పేపర్లో 100 మార్కుల్లో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి. వాటికి పాత ప్రశ్నపత్రాలు చాలు.

సరఫరా వైపు కూడా చదవండి: హీట్ నంబరు (ఒక విడత కరిగించిన సరుకుకిచ్చే గుర్తింపు సంఖ్య), టెస్ట్ సర్టిఫికెట్, సైనిక విమానాల సామగ్రికి సెమిలాక్ (వాటి యోగ్యతను ధ్రువీకరించే సంస్థ) ఆమోదం. ఇంటర్వ్యూలో నన్ను, “మెకానికల్ పరీక్షలన్నీ సరిపోయి, అల్ట్రాసోనిక్‌లో లోపం కనిపిస్తే ఆ కడ్డీ పంపుతారా?” అని అడిగారు. స్పెసిఫికేషన్ పరిమితి దాటితే పంపనని, ఆ భాగం గుర్తించి కోసి, మిగతాదాన్ని మళ్లీ పరీక్షించి, అంతా హీట్ నంబరు కింద నమోదు చేస్తానని చెప్పాను. వెంటనే, “కోసిన ముక్కను మళ్లీ కరిగించవచ్చా?” అన్నారు. కొనుగోలుదారు స్పెసిఫికేషన్ ఒప్పుకుంటేనే అన్నాను. తుక్కు వాడకంపై నిబంధనలు కూడా చదువుకుని వెళ్లండి.