నా సైటుకు నన్నే రానివ్వలేదు: 403తో నాలుగు రోజులు

నాలుగు రోజులుగా 403 అనే ఎర్రరే చూపిస్తున్న నా సొంత వెబ్ పేజీ నిన్న రాత్రి పదకొండు నలభైకి తెరుచుకుంది. ఆ ఊపు ఇంకా దిగలేదు, కోపం కూడా దిగలేదు. అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు. చదివింది ఇంటర్. గిరాకీ లేని మధ్యాహ్నాలు కూర్చుని రెండేళ్లుగా పీహెచ్‌పీ అనే వెబ్ పేజీల భాష నేర్చుకుంటున్నాను. మా బావ బత్తాయి కమీషన్ వ్యాపారం చేస్తాడు. రైతు పేరు, బండి నంబరు, ఎన్ని టన్నులు, తరుగు ఎంత, రేటు ఎంత, చేతికి వచ్చేది ఎంత, ఇవన్నీ ఒక్క పేజీలో కనపడేలా చేసిపెట్టమని సీజన్ ముందు అడిగాడు. సరే అన్నాను.

విండోస్ 10 ఉన్నన్ని రోజులు ఏ గొడవా లేదు. సర్వర్, పీహెచ్‌పీ అన్నీ కలిసి వచ్చే జాంప్ వేసుకున్నాను, ఫోల్డర్ పెట్టుకున్నాను, నడిచింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది, నా పాత లాప్‌టాప్‌కేమో విండోస్ 11 ఎక్కదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అల్లుడు, అంటే ఆ బావ కొడుకే, "ఉబుంటు వేసుకో మామా, ఫ్రీ" అన్నాడు. ఉబుంటు అంటే విండోస్ బదులు వేసుకునే లినక్స్. దాని 24.04 వెర్షన్ వేశాను. గంట పట్టింది. బ్రౌజర్‌కు పేజీలు అందించే సర్వర్ అపాచీ, ఆపైన పీహెచ్‌పీ, పది నిమిషాలు. డేటాబేస్‌లో రూట్, అంటే పెద్ద యూజర్ పేరుతో పోతే 1698 అనే ఎర్రర్ ఇచ్చి రానివ్వలేదు. ఉబుంటులో ఆ రూట్‌కు పాస్‌వర్డ్‌తో పనిలేదట, సుడో అనే కమాండుతోనే పోవాలట. వేరే యూజర్‌ను చేసుకున్నాను, అయిపోయింది. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్, అంటే ఈ లాప్‌టాప్ అడ్రసే, అని కొడితే అపాచీ వాళ్ల స్వాగతం పేజీ వచ్చింది. ఛాయ్ తెప్పించుకున్నాను.

తర్వాత నా బత్తాయి ఫోల్డర్‌ను నా హోమ్ ఫోల్డర్‌లో పెట్టి, ఈ సైటు ఫైళ్లు ఇక్కడున్నాయని అపాచీకి చెప్పే వర్చువల్ హోస్ట్ సెట్టింగు రాసి, తెరిచాను. 403. ఫర్బిడెన్. ఇది చూడటానికి నీకు అనుమతి లేదు అని.

నా లాప్‌టాప్, నా ఫోల్డర్, నేను టైపు చేసిన ఫైళ్లు. నాకే అనుమతి లేదట!

మొదటి రోజు ఒక వీడియో చూశాను. అందులో ఆయన 'ఆర్డర్ అలౌ డినై' అని ఒక లైను, 'అలౌ ఫ్రమ్ ఆల్' అని ఇంకో లైను రాయమన్నాడు. అక్షరం పొల్లుపోకుండా రాశాను. 403. అవి అపాచీ 2.2 కాలం నాటి మాటలని, 2012లో 2.4 వచ్చినప్పుడే పద్ధతి మారిందని తర్వాత తెలిసింది. ఆ వీడియో కింద 'థాంక్యూ బ్రో' అని ఎంతమంది పెట్టారో!

రెండో రోజు చేసిన తెలివితక్కువ పని ఒక ట్రైనింగ్ సెంటర్‌కు పోవడం. ఏ సెంటరో చెప్పను. మెట్లు ఎక్కుతుంటే గోడ మీద 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అని ఫ్లెక్సీ. నవ్వొచ్చే సంగతి ఏంటంటే ఆ ఫ్లెక్సీ వేసింది నేనే. దాని డబ్బులు సగం ఇంకా రాలేదు.

క్లాసు నడుస్తోంది, ఇరవై మంది దాకా పిల్లలు. సార్ నన్ను బయట కూర్చోపెట్టి ఉంటే బాగుండేది. లోపలికి పిలిచి, నా లాప్‌టాప్ టేబుల్ మీద పెట్టించి, దాన్ని ప్రొజెక్టర్‌కు తగిలించాడు. గోడ మీద నా 403 నిలువెత్తున పడింది. "చూసిన్రా, అన్న సైట్ల అన్నకే ఎంట్రీ లేదంట" అన్నాడు. పిల్లలు నవ్వారు. వాళ్లలో ఒకమ్మాయి మా వీధిదే. వాళ్ల అక్క శుభలేఖలు నేనే కొట్టాను.

ఇక సార్ వైద్యం మొదలైంది. బ్రౌజర్‌లో క్యాష్ క్లియర్ చేశాడు. 403. పోర్టు సమస్య అని 80ని 8080 చేశాడు. 403. ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను, పోర్టు సమస్యయితే పేజీయే రాదు. 403 వచ్చిందంటే సర్వర్ పలికినట్టే. తలుపు తీసినవాడే మనల్ని పొమ్మంటున్నాడు. తలుపు దగ్గర ఎవరూ లేరనడం ఏం వైద్యం? కానీ ఆ రోజు నాకేం తెలుసు, చేతులు కట్టుకుని నిలబడ్డాను. చివరికి "అపాచీ కరప్ట్ అయింది" అని తేల్చి, అపాచీనీ దాని సెట్టింగుల ఫోల్డర్‌నూ తీసేసి మళ్లీ వేశాడు. నేను రాసుకున్న వర్చువల్ హోస్ట్ దాంతోపాటే పోయింది. మళ్లీ రాశాను, అందరి ముందూ, తప్పులు కొడుతూ. ఎంటర్ నొక్కాను. గోడ మీద 403.

"అన్నా, ఏమనుకోకు. ఫ్లెక్సీలు కొట్టుకునేటోళ్లకు లినక్స్ ఎందుకే? విండోస్ వేసుకోరాదు" అన్నాడు. పిల్లలు ఈసారి నవ్వలేదు. అదింకా కష్టంగా అనిపించింది. చూసినందుకు ఐదు వందలు తీసుకున్నాడు. నాకు రావాల్సిన ఫ్లెక్సీ డబ్బుల్లో కోసుకొమ్మని అనాల్సింది. నోరు రాలేదు.

పట్నంలో ఉద్యోగం దొరకనివాళ్లే ఇక్కడ సెంటర్లు పెడతారని నా అభిప్రాయం. తప్పయితే తప్పే, కానీ ఐదు వందలు పోయింది నావి.

మూడో రోజు పంతంగా షాపులో కూర్చుని అపాచీ పెద్ద సెట్టింగుల ఫైలును మొదటి నుంచి చదివాను. పీహెచ్‌పీ తప్ప ఏదీ ఇంత ఓపిగ్గా చదవలేదు. అందులో ఉంది సంగతి. ఉబుంటులో వచ్చే అపాచీ మొత్తం డిస్కుకు ముందే 'రిక్వైర్ ఆల్ డినైడ్' అని రాసిపెట్టుకుంటుంది. ఎవర్నీ రానివ్వకు అని. ఆ తర్వాత వార్ అనే ఫోల్డర్ లోపలి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్ లాంటి ఒకట్రెండు చోట్లకు మాత్రం 'రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్' ఇస్తుంది, అందరినీ రానివ్వు అని. నా హోమ్ ఫోల్డర్ ఆ జాబితాలో లేదు. నా ఫోల్డర్ పేరుతో 'గ్రాంటెడ్' రాశాను, రీలోడ్ కొట్టాను, పేజీ తెరిచాను.

403. అదే పేజీ, అదే మాట.

ఇక్కడే అసలు తప్పు చేశాను. పేజీ మారలేదు కాబట్టి నేను రాసింది తప్పనుకుని ఆ లైను తీసేశాను. సరైన మందు వేసుకుని, జ్వరం తగ్గలేదని కక్కేసినట్టు.

అప్పుడు అల్లుడికి ఫోన్ చేశాను. మీటింగులో ఉన్నాడు. "మామా, హోం ఫోల్డర్ మొత్తానికి చ్‌మాడ్ సెవెన్ సెవెన్ సెవెన్ కొట్టు, మైనస్ పెద్ద ఆర్ పెట్టు, అయిపోతది" అని పెట్టేశాడు. చ్‌మాడ్ అంటే అనుమతులు మార్చే కమాండు, పెద్ద ఆర్ అంటే లోపలివాటన్నిటికీ కూడా. ఏడు అంటే చదవడానికి నాలుగు, రాయడానికి రెండు, లోపలికి పోవడానికో నడపడానికో ఒకటి. మూడు ఏడులంటే నాకు, నా గుంపుకు, ఊళ్లో అందరికీ అన్నీ. దొంగకు తాళంచెవి ఇచ్చి, బీరువా ఏ గదిలో ఉందో కూడా చెప్పడం. కొట్టాను. 403.

ఉండాల్సిన లైను అప్పటికే తీసేశాను కదా, ఎట్లా వస్తుంది?

దీనికి తోడు సాయంత్రం కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచుకునే గిట్‌హబ్‌కు పంపబోతే కొత్త గొడవ. అక్కడికి పోవడానికి నన్ను గుర్తుపట్టించే ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవి ఫైలు అనుమతులు 0777 అని, మరీ బార్లా తెరిచి ఉన్నాయని, ఈ తాళంచెవిని పట్టించుకోనని, అందువల్ల పర్మిషన్ డినైడ్ అని! మూసి ఉందని ఒకడు రానివ్వడు, తెరిచి ఉందని ఇంకొకడు రానివ్వడు. పైగా కోడ్‌లో మార్పుల లెక్క రాసే గిట్‌లో నేను ముట్టుకోని ఫైళ్లన్నీ మారినట్టు చూపిస్తోంది, అనుమతుల నంబరు 100644 ఉన్నవి 100755 అయ్యాయని. అల్లుడికి మళ్లీ ఫోన్ చేస్తే "నా దాంట్ల మంచిగనే నడుస్తుంది మామా" అన్నాడు. సంవత్సరానికి లక్షల ప్యాకేజీ తీసుకునేవాడి జవాబు ఇది. అక్కతో కూడా అన్నాను, నీ కొడుకు మాట నమ్మి ఇల్లు బార్లా తెరుచుకున్నానని.

నాలుగో రోజు, అంటే నిన్న, ముందు ఏడులను సరిచేయడం మొదలుపెట్టాను. తాళంచెవి ఫైలు 600, ప్రాజెక్టులో ఫోల్డర్లు 755, ఫైళ్లు 644. ఇది మొదట ఉన్న స్థితికి రావడమే, ముందడుగేమీ కాదు. షట్టర్ సగం దించాను. అప్పుడు, ఎవరూ చెప్పకుండా, అపాచీ ఎర్రర్ లాగ్, అంటే ఎందుకు వద్దన్నదో అది రాసుకునే ఫైలు, తెరిచాను. నాలుగు రోజుల్లో సార్ గానీ, అల్లుడు గానీ, వీడియో బ్రో గానీ ఆ ఫైలు పేరు ఎత్తలేదు. కొత్త లైన్లు పడ్డట్టే చూపించే టెయిల్ మైనస్ ఎఫ్ కమాండు పెట్టి, పక్కన పేజీ రీఫ్రెష్ చేశాను. ఒక లైను పడింది: ఏహెచ్ 01630, సర్వర్ కాన్ఫిగరేషన్ వల్ల వద్దన్నాం.

కాన్ఫిగరేషన్! అంటే మొన్న నేను రాసి తీసేసిన లైను. 777గా మిగిలిన హోమ్ ఫోల్డర్‌ను కూడా మొదటిలాగే 750 చేసి, ఆ లైను మళ్లీ పెట్టాను. రీలోడ్. పేజీ మీద 403, చుక్క కూడా మారలేదు. కానీ లాగ్‌లో నంబరు మారింది. ఏహెచ్ 00035. దారిలో ఒక భాగానికి సెర్చ్ పర్మిషన్, అంటే దాటి పోయే అనుమతి, లేదని.

కుర్చీలోంచి లేచాను. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పడే నీడ చూసేవాళ్లకు ఒక్క స్తంభానిదే అనిపిస్తుంది. ఆ నీడ ఒక్క స్తంభం వల్ల వచ్చింది కాదు. ఈ 403 కూడా అంతే, చూడటానికి నీడ ఒకటే, వెనక స్తంభాలు రెండు. ఒకటి తీస్తే నీడ కదలదు, అందుకే నేను తీసిన స్తంభాన్ని మళ్లీ నిలబెట్టుకున్నాను.

రెండోదాన్ని పట్టిచ్చిన కమాండు పేరు ఎన్, ఏ, ఎమ్, ఈ, ఐ అక్షరాలు. దానికి మైనస్ ఎల్ పెట్టి ఫైలు పూర్తి అడ్రసు ఇస్తే, డిస్కు మొదటి నుంచి ఆ ఫైలు దాకా ఒక్కో మెట్టుకు ఎవరికి ఏ అనుమతి ఉందో వరసగా చూపిస్తుంది. పై రెండు మెట్లూ అందరికీ దారి ఇస్తున్నాయి. మూడోది నా హోమ్ ఫోల్డర్. అక్కడ బయటివాళ్లకు మూడు అడ్డగీతలు. కింద బత్తాయి ఫోల్డర్ అందరికీ తెరిచే ఉంది, ఏం లాభం? మన తోటకు పట్టా ఉంటుంది, పాస్‌బుక్ ఉంటుంది, కానీ తోటకు పోయే బాట పక్కోడి చెలకలోంచి ఉంటే, వాడు కంచె వేస్తే బత్తాయి బండి కదలదు కదా. అపాచీ నా పేరుతో నడవదు, డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే వేరే యూజర్ పేరుతో నడుస్తుంది. దానికి నా ఇంటి గుండా బాట లేదు.

అల్లుడి దాంట్లో ఎందుకు నడుస్తుందో కూడా అప్పుడే అర్థమైంది. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా చేసే హోమ్ ఫోల్డర్లు 750తో వస్తున్నాయి, అంతకుముందు 755. వాడిది 20.04 నాటి లాప్‌టాప్, అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చాడు, ఇల్లు మాత్రం పాత ఇల్లే. 'గ్రాంటెడ్' లైను ఎప్పుడో రాసుకుని మరిచిపోయి ఉంటాడు.

హోమ్ ఫోల్డర్‌కు చ్‌మాడ్ 'ఓ ప్లస్ ఎక్స్' కొట్టాను. 751 అయింది. ఆ ఒకటి అంటే లోపల ఏముందో జాబితా చూడలేరు, కానీ దాటి పోవచ్చు. బాట మాత్రమే. లోపల మిగతా ఫైళ్ల తాళాలు ఎవరివి వాళ్లు చూసుకోవాలి. ఆ ఒకటి కూడా అందరికీ ఎందుకనుకుంటే సెట్‌ఎఫ్ఏసీఎల్ అనే కమాండుతో ఆ ఒక్క యూజర్‌కే బాట ఇవ్వొచ్చట. ఇవన్నీ వద్దనుకునేవాళ్లు ప్రాజెక్టును తీసుకెళ్లి వార్ లోపలి ఫోల్డర్‌లో పెట్టుకుంటే రెండు గొడవలూ ఉండవు. నాకు పంతం, పెట్టలేదు.

రీఫ్రెష్. బత్తాయి పేజీ వచ్చింది. పచ్చ రంగు హెడింగు, కింద టేబుల్. షాపులో ఒక్కణ్నే ఉన్నా గట్టిగా నవ్వాను. పక్క మెడికల్ షాపు ఆయన తొంగిచూసి "ఏమైందే?" అన్నాడు. "ఏం లేదు, మా ఇంట్లకు నేను పోయిన" అన్నాను.

నలభై ఒక్క ఏళ్ల వయసులో, ఇంటర్ చదువుతో, ప్రొజెక్టర్ మీద పరువు పోగొట్టుకుని, పట్టాను కదా. ఆ సార్ షాపుకు వస్తే చూపిస్తాను. ముందు బాకీ అడిగి, తర్వాత చూపిస్తాను. లాగ్‌లో రెండు నంబర్లనూ ఏ4 కాగితం మీద పెద్దక్షరాలతో ప్రింటు తీసి కౌంటర్ వెనక అంటించాను. కుర్రాడు కొత్త ఆఫర్ అనుకున్నాడు. ఈ పొద్దున అల్లుడు మెసేజ్ పెట్టాడు, ఆ ఐదక్షరాల కమాండు ఏంటి మామా అని. చూశాను. జవాబు సాయంత్రం ఇస్తాను. మీటింగులో ఉన్నాను.

మధ్యాహ్నం బావ వచ్చి పేజీ చూశాడు. ఒక్కో గడి మీద వేలు పెట్టి చదివాడు. బండి నంబరు, టన్నులు, తరుగు, రేటు. తరుగు దగ్గర వేలు ఆగింది.

"మంచిగుంది బామ్మర్దీ. కానీ ఈ తరుగు గడి నాకు ఒక్కనికే కనపడేటట్టు, రైతులకు కనపడకుంట చేయరాదా?"

నాలుగు రోజులు రానివ్వలేదని ఏడ్చిన నాతోనే! కుదరదన్నాను. సిస్టం ఒప్పుకోదని చెప్పాను.